మనోడు, వాళ్ళోడు, అంపైరు: ఒక ఆరోపణను విమర్శకుడిగా చదవడం

పరిచయం

గత పాఠాల్లో కవితను, కథను విమర్శకుడి కంటితో ఎలా చదవాలో తెలుసుకున్నారు. ఈ పాఠంలో మనం తీసుకుంటున్నది కవితా కాదు, కథా కాదు. ఒక ఆరోపణ. "అంపైర్ పక్షపాతం చూపాడు" అన్న వాక్యం. మూడే మాటలు. కాని అందులో ఒక పాత్ర ఉంది, ఆ పాత్రకు అంటగట్టిన ఒక ఉద్దేశం ఉంది, తుది తీర్పు కూడా ఉంది. సాక్ష్యం మాత్రం వాక్యంలో లేదు. ఉంటే బయట ఎక్కడో ఉండాలి. దాన్ని వెతికి, వాక్యం బరువును అది మోయగలదా లేదా అని చూడటం విమర్శకుడి పని. కావ్యం ముందు కూర్చున్నా, ఆరోపణ ముందు కూర్చున్నా ఈ పని మారదు.

క్రికెట్‌నే ఎందుకు ఎంచుకున్నారని మీరు అడగవచ్చు. వికారాబాద్, తాండూరు ప్రాంతాల నుంచి ఆదివారం తరగతులకు వచ్చే విద్యార్థుల్లో చాలామంది పనిచేసుకుంటూ చదువుకునేవారు. బండల పాలిషింగ్ యూనిట్లలోనో, పప్పు మిల్లుల్లోనో, దుకాణాల్లోనో ఆరు రోజులు గడిపి ఏడో రోజు పుస్తకం పట్టుకుంటారు. ప్రబంధ పద్యం మీద అభిప్రాయం చెప్పమంటే తల దించుకునే విద్యార్థి, నిన్నటి మ్యాచ్‌లో ఎల్‌బీడబ్ల్యు గురించి అడిగితే తడుముకోకుండా తీర్పు చెప్పేస్తాడు. తీర్పు చెప్పే ధైర్యం ఎక్కడ ఉందో, తీర్పును పరీక్షించడం అక్కడే నేర్పాలని నా అభిప్రాయం.

ఇంకో కారణం కూడా ఉంది. పద్యం బాగాలేదంటే కవి నొచ్చుకుంటాడు, అంతే. అంపైర్‌ను పక్షపాతి అంటే అతని నిజాయితీ మీద మాట పడుతుంది. అతని వృత్తికి నిజాయితీ తప్ప వేరే పెట్టుబడి లేదు.

తప్పు, మొగ్గు, తొండి

ముందు మాటలను విడదీద్దాం. మనం కోపంలో ఒకే మాటగా వాడేవి నిజానికి మూడు.

ఒక తూకం కాంటాను ఊహించుకోండి. ఆ కాంటా ఒకసారి కొంచెం ఎక్కువ, ఒకసారి కొంచెం తక్కువ చూపిస్తుంది. ఎవరికి ఎప్పుడు నష్టమో చెప్పలేం. అది తప్పు. మరో కాంటా ఉంది. అమ్మేవాడి సంచి పెట్టినప్పుడల్లా కొంచెం తక్కువే చూపిస్తుంది, కొనేవాడికి ఎప్పుడూ నష్టం రాదు. యజమానికి ఆ సంగతి తెలియకపోవచ్చు కూడా. అది మొగ్గు. మూడోచోట యజమాని బొటనవేలు కాంటా మీద ఉంది. అది తొండి. మొదటి దానికి మరమ్మతు చాలు. రెండోదానికి మరమ్మతుతో పాటు నిఘా కావాలి. మూడోదానికి శిక్ష కావాలి. రోగం మూడు రకాలు, మందు మూడు రకాలు. మూడింటికీ "అన్యాయం" అని ఒకే చీటీ రాస్తే ఏ మందూ పనిచేయదు.

పక్షపాతం అన్న మాట నిర్మాణాన్నే చూడండి: ఒక పక్షం వైపు పడటం. పడేవాడు కావాలనే పడ్డాడా, కాలు జారి పడ్డాడా అన్నది ఆ మాట చెప్పదు. మన వాడుకలో మాత్రం "కావాలనే" అన్న అర్థం దానికి అతుక్కుపోయింది. పత్రికల ఆటల పేజీలో "బలి", "దెబ్బ", "కుట్ర" వంటి మాటలు పడిన చోటల్లా మొదటి రకం సాక్ష్యంతో మూడో రకం నేరం మోపడం కనిపిస్తుంది. సాక్ష్యం: ఒక బంతి. నేరం: ద్రోహం. ఈ రెండింటి మధ్య ఉన్న దూరాన్ని కొలవడం నేర్చుకుంటే ఈ పాఠం ప్రయోజనం సగం నెరవేరినట్టే.

వీధి ఆటలో ఎల్‌బీ ఎందుకు లేదు?

తాండూరులో గాని వికారాబాద్‌లో గాని ఖాళీ స్థలంలో టెన్నిస్ బంతితో జరిగే ఆటను గమనించండి. అంపైర్‌గా నిలబడేది సాధారణంగా బ్యాటింగ్ జట్టువాడే. తన వంతు రాగానే తెల్లకోటు లేని ఆ అంపైర్ బ్యాట్ అందుకుంటాడు. మనోడే అంపైర్, మనోడే బ్యాట్స్‌మన్. ఇక తొండి అన్న కేక వినపడని ఆట ఉంటుందా?

అయినా ఆట సాగుతుంది. ఎలా సాగుతుందో చూస్తే పిల్లల తెలివికి ఆశ్చర్యం వేస్తుంది. వాళ్ళు నియమాలను తమ పరిస్థితికి తగ్గట్టు మార్చుకున్నారు. మొదట తీసేసింది ఎల్‌బీడబ్ల్యును. "ఎల్‌బీ లేదు" అని ఆటకు ముందే అనుకుంటారు. ఇది ఆట రాక చేసుకున్న ఏర్పాటు కాదు. బౌల్డ్ అయితే వికెట్ పడటం అందరికీ కనబడుతుంది. క్యాచ్ పట్టుకున్నాడో లేదో పదిమంది చూస్తారు. ఎల్‌బీ ఒక్కటే అలా కాదు. బంతి ఎక్కడ పడింది, కాలికి ఎక్కడ తగిలింది, అంతకుముందు బ్యాట్‌కు తాకిందా, ఇవన్నీ తేల్చాక కూడా చివరి ప్రశ్న మిగులుతుంది: కాలు అడ్డం లేకపోతే బంతి వికెట్లకు తగిలేదా? అంటే జరిగినదాన్ని చూసి చెప్పడం కాదు, జరగనిదాన్ని ఊహించి చెప్పడం. ఊహించే పని ఒకరికి అప్పగించాలంటే ఆ మనిషి మీద రెండు జట్లకూ నమ్మకం ఉండాలి. నమ్మకమైన మూడో మనిషి లేనిచోట, మూడో మనిషి అవసరమయ్యే నియమాన్నే వీధి క్రికెట్ పక్కన పెట్టింది.

అంతర్జాతీయ క్రికెట్‌కు ఆ వెసులుబాటు లేదు. ఎల్‌బీని తీసేస్తే బ్యాట్స్‌మన్ కాళ్ళే గోడ అవుతాయి. నియమాన్ని ఉంచి, నమ్మకమైన మూడో మనిషిని వెతకవలసి వచ్చింది. ఆ వెతుకులాటకు వందేళ్ళకు పైగా పట్టింది. అందులో హైదరాబాద్‌కు చెందిన ఒక అంపైర్ పేరు మొదటి పేజీలోనే ఉంది.

లాహోర్, నవంబర్ 1986

చాలాకాలం టెస్టు మ్యాచ్‌లకు ఇద్దరు అంపైర్లూ ఆతిథ్య దేశంవారే. అతిథి జట్టు ఓడి ఇంటికి వెళ్ళి "వాళ్ళ అంపైర్లు ఓడించారు" అనేది. ఏడాది తిరిగాక ఆ రెండో జట్టు వీళ్ళ దేశానికి వచ్చి అదే మాట అని వెళ్ళేది. ఇలా అందరూ అందరినీ అన్నారు. ఉపఖండం అంపైర్ల గురించి ఇంగ్లండ్, ఆస్ట్రేలియా పత్రికలు రాసినంత ఘాటుగా, తమ అంపైర్ల గురించి రాయలేదన్నది కూడా గమనించాలి. ఎవరి ఆరోపణకు ఎంత గొంతు దొరుకుతుందన్నది విమర్శకుడు లెక్కలోకి తీసుకోవలసిన విషయమే.

పాకిస్తాన్ కెప్టెన్ ఇమ్రాన్ ఖాన్ ఈ గొడవకు విసిగి, మూడో దేశపు అంపైర్లను పిలవాలని పట్టుబట్టాడు. 1986 నవంబర్‌లో లాహోర్‌లో వెస్టిండీస్‌తో జరిగిన టెస్టుకు భారత్ నుంచి ఇద్దరిని పిలిచారు. ఒకరు ముంబైకి చెందిన పిలూ రిపోర్టర్. రెండోవారు హైదరాబాద్‌కు చెందిన వి.కె. రామస్వామి. 1912లో ఇంగ్లండ్ గడ్డ మీద ఆస్ట్రేలియా, దక్షిణాఫ్రికా తలపడినప్పుడు ఇంగ్లిష్ అంపైర్లు నిలబడ్డారు. ఆ ప్రత్యేక సందర్భాన్ని పక్కన పెడితే, టెస్టు క్రికెట్‌లో తటస్థ అంపైర్లు రావడం అదే మొదలు.

ఆ మ్యాచ్ ఫలితం తెలుసుకోండి. వెస్టిండీస్ 218 పరుగులు చేసింది. పాకిస్తాన్ 131, 77 పరుగులకు రెండుసార్లు కుప్పకూలి ఇన్నింగ్స్ 10 పరుగుల తేడాతో ఓడింది. తటస్థ అంపైర్లు కావాలన్న జట్టే వారి సమక్షంలో చిత్తుగా ఓడిపోయింది. అయినా ఓటమికి అంపైర్లే కారణమనే వీలు లేకపోయింది. ఈ ఏర్పాటు ఇచ్చిన అసలు ఫలం అదే అనుకుంటాను. ఓడినవాడికి ఓటమిని ఓటమిగా చూసుకునే అవకాశం.

భారత, పాకిస్తాన్‌ల మధ్య పరిస్థితి ఎలా ఉండేదో మీకు చెప్పనక్కర లేదు. అలాంటిది పాకిస్తాన్ జట్టు తన సొంత గడ్డ మీద తీర్పు చెప్పమని భారతీయులిద్దరిని పిలిచింది. పాస్‌పోర్టును బట్టి మనిషిని అనుమానించేవారు ఈ సంగతిని ఎక్కడ పెట్టుకుంటారో నాకు తెలియదు. రామస్వామి 1985 నుంచి 1999 దాకా 26 టెస్టుల్లో అంపైర్‌గా నిలిచారు. మన తెలుగు పాఠకులకు అజహరుద్దీన్ పరుగులు కంఠస్థం. ఈ పేరు మాత్రం చాలామందికి కొత్తగా వినిపిస్తుంది. బాగా చేసిన అంపైరింగ్ కంటికి కనబడదు, అదే దాని దురదృష్టం.

సొంత జట్టును ఔట్ ఇచ్చినవాడు

లాహోర్‌కు రెండు నెలల ముందు, 1986 సెప్టెంబర్ 22న, మద్రాసు చేపాక్ మైదానంలో మరో కథ నడిచింది. ఆస్ట్రేలియాపై భారత్ గెలవాలంటే 348 పరుగులు చేయాలి. చివరి రోజు చివరి గంట. హైదరాబాద్ స్పిన్నర్ శివలాల్ యాదవ్ ఒక సిక్సర్ కొట్టి, తొమ్మిదో వికెట్‌గా వెనుదిరిగాడు. ఆఖరి ఓవర్‌లో రవిశాస్త్రి ఒక పరుగు తీయడంతో స్కోర్లు సమమయ్యాయి. స్ట్రయికింగ్‌లో మణిందర్ సింగ్. ఒక బంతి మిగిలి ఉండగా గ్రెగ్ మాథ్యూస్ వేసిన బంతి అతని కాళ్ళకు తగిలింది. అప్పీలు. అంపైర్ వి. విక్రమరాజు వేలు పైకెత్తారు. టెస్టు చరిత్రలో రెండో టై అది. మొదటిది 1960లో బ్రిస్బేన్‌లో జరిగింది.

బంతి బ్యాట్‌కు తగిలిందని మణిందర్ ఆ తర్వాత ఏళ్ళ తరబడి చెబుతూ వచ్చాడు. ఆ తీర్పు సరైనదా కాదా అన్న చర్చ ఇప్పుడు తేలేది కాదు, మనకు అవసరమూ లేదు. మనం చూడవలసింది ఇది. ఆతిథ్య దేశపు అంపైర్, సొంత ప్రేక్షకుల మధ్య, సొంత జట్టు గెలుపుకు ఒక్క పరుగు దూరంలో ఉండగా, సొంత బ్యాట్స్‌మన్‌ను ఔట్ ఇచ్చాడు. "మన అంపైర్లు మనవైపే ఉంటారు" అన్న సూత్రానికి ఇంతకంటే పెద్ద అపవాదం దొరకదు. మరి ఆయనకు మెచ్చుకోలు దక్కిందా? తిట్లు దక్కాయి. ఆ తర్వాత ఆయన మరో టెస్టులో నిలబడలేదు.

ఇక్కడ ఒక విచిత్రం ఉంది. మన జట్టుకు అనుకూలంగా తీర్పిస్తే వాళ్ళు పక్షపాతి అంటారు. మన జట్టుకు వ్యతిరేకంగా ఇస్తే మనం ద్రోహి అంటాం. ఏ తీర్పిచ్చినా నిజాయితీపరుడు అనిపించుకునే దారి ఆ అంపైర్‌కు మిగల్లేదు. ఏ సాక్ష్యం వచ్చినా తనకే అనుకూలంగా మలచుకునే ఆరోపణను విమర్శకుడు అనుమానించాలి. తప్పని తేలే అవకాశమే లేని మాట, నిజమని తేలే అవకాశాన్ని కూడా పోగొట్టుకుంటుంది.

లెక్కలు ఏమన్నాయి?

ఇంతవరకు చదివి, అంపైర్లందరూ ధర్మరాజులని నేను వాదిస్తున్నానని అనుకోకండి. ఒక్క విక్రమరాజును చూపి మొగ్గే లేదనడం, ఒక్క ఎల్‌బీని చూపి కుట్ర అనడం లాంటిదే. రెండూ ఒక్క ఉదాహరణ మీద కట్టిన మేడలు. మొగ్గు ఉందో లేదో తేలాలంటే వందల మ్యాచ్‌లు చూడాలి.

అతిథి జట్టువారు ఎల్‌బీగా ఎక్కువసార్లు ఔటవుతారు. నిజమే. అంతమాత్రాన అంపైర్లు దొంగలని తేలదు. అలవాటు లేని పిచ్ మీద ఆడేవాడి కాలు తప్పుచోట పడుతుంది. బంతి ఎంత తిరుగుతుందో, ఎంత లేస్తుందో అతనికి తెలియదు. అతను నిజంగానే ఎక్కువసార్లు వికెట్ల ముందు దొరికిపోతాడు. కాబట్టి "వాళ్ళకు పన్నెండు, మనకు ఆరు" అని వేళ్ళ మీద లెక్కపెట్టడం సాక్ష్యం కాదు. ఈ తరహా లెక్క మన ఆటల పేజీల్లో తరచుగా కనిపిస్తుంది, ఎంతో గంభీరంగా కూడా కనిపిస్తుంది.

మరి ఏం చేయాలి? పిచ్, జట్లు, వాతావరణం అన్నీ అలాగే ఉంచి అంపైర్‌ను మాత్రం మార్చి చూడాలి. ప్రయోగశాలలో అయితే సాధ్యం. క్రికెట్‌లో ఎలా? చరిత్రే ఆ ప్రయోగాన్ని చేసి పెట్టింది. మొదట ఇద్దరూ ఆతిథ్య దేశంవారే. 1994 నుంచి ప్రతి టెస్టులో ఒక తటస్థ అంపైర్. 2002లో ఎలైట్ ప్యానెల్ ఏర్పడ్డాక ఇద్దరూ తటస్థులే. మైదానాలు అవే, ఆడే దేశాలు అవే. నిలబడే అంపైర్లు మాత్రం మారారు. సచేటి, గ్రెగరీ-స్మిత్, పాటన్ అనే ముగ్గురు ఆర్థికశాస్త్ర పరిశోధకులు 1986 నుంచి 2012 వరకు జరిగిన 1000 టెస్టులను ఈ దృష్టితో పరిశీలించారు. ఇద్దరూ స్థానిక అంపైర్లే అయినప్పుడు అతిథి బ్యాట్స్‌మన్ ఎల్‌బీ అయ్యే అవకాశం సుమారు 16 శాతం ఎక్కువగా ఉంది. ఒకరు తటస్థులైతే అది సుమారు 10 శాతానికి దిగింది. ఇద్దరూ తటస్థులైనప్పుడు చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు.

ఈ అంకెలను నిదానంగా చదవండి. పిచ్ అలవాటు లేకపోవడమే మొత్తం కారణమైతే, అంపైర్ మారినంత మాత్రాన తేడా మాయం కాకూడదు. మాయమైంది. కాబట్టి మొగ్గు ఉండేది. దశాబ్దాల పాటు అతిథులు చేసిన ఫిర్యాదులో నిజం ఉంది. అది ఒప్పుకోవాలి.

కాని ఏ నిజం? 16 శాతం అంటే ప్రతి ఎల్‌బీ దొంగ ఎల్‌బీ అని కాదు. వంద ఔట్లు ఉండవలసిన చోట నూట పదహారు. ఆ అదనపు పదహారులో ఏది ఏదో చూపించమంటే ఎవరూ చూపించలేరు. మొగ్గు గుంపులో కనబడుతుంది, ఒక్క బంతిలో కనబడదు. మనం మాత్రం ఎప్పుడూ ఒక్క బంతినే పట్టుకుని వేలెత్తి చూపిస్తాం. ఈ ఒక్క తేడా అర్థమైతే క్రికెట్ బయట కూడా, ఇంటర్వ్యూల్లో, మార్కుల్లో, కోర్టు తీర్పుల్లో, వివక్ష గురించి జరిగే వాదాలు మీకు వేరుగా వినిపిస్తాయి.

మొగ్గు ఎక్కడి నుంచి వస్తుంది? లంచం నుంచో దేశభక్తి నుంచో అని తొందరపడకండి. ఫుట్‌బాల్‌పై 2002లో ప్రచురితమైన ఒక ప్రయోగం ఉంది. నలభైమంది రెఫరీలకు ఒకే మ్యాచ్ దృశ్యాలను చూపించారు. కొందరికి ప్రేక్షకుల కేకలతో, కొందరికి శబ్దం లేకుండా. కేకలు విన్నవారు ఆతిథ్య జట్టుకు వ్యతిరేకంగా సుమారు 15 శాతం తక్కువ ఫౌల్స్ ఇచ్చారు. వారికి ఆ జట్టుతో చుట్టరికం లేదు. చెవిలో పడిన గోల చాలింది. యాభైవేలమంది ఒక్కసారిగా "ఔట్" అని అరిచినప్పుడు ఒక సెకనులో తేల్చవలసిన మనిషిని తలుచుకోండి. తటస్థుడంటే గట్టున నిలబడినవాడని అర్థం. ఏరు తగలకపోవచ్చు, వాన గట్టు మీద కూడా కురుస్తుంది.

ఇక్కడ ఆగి ఒక పని చేయండి. మీకు గుర్తున్న "అన్యాయపు" తీర్పులు అయిదు రాయండి. వాటిలో మీ అభిమాన జట్టుకు లాభం కలిగించినవి ఎన్నో లెక్కపెట్టండి. ఒక్కటీ లేకపోతే ఈ పాఠంలో తర్వాతి భాగం ప్రత్యేకంగా మీ కోసమే.

తటస్థుడూ తప్పించుకోలేదు

ఇద్దరూ తటస్థులైతే గొడవ ముగియాలి. 2008 జనవరిలో సిడ్నీలో ముగియలేదు. భారత్, ఆస్ట్రేలియా టెస్టు. అంపైర్లు జమైకాకు చెందిన స్టీవ్ బక్నర్, ఇంగ్లండ్‌కు చెందిన మార్క్ బెన్సన్. ఇషాంత్ శర్మ బంతికి ఆండ్రూ సైమండ్స్ బ్యాట్ అంచు తగిలి ధోని చేతిలో పడింది. సైమండ్స్ అప్పటికి 30 పరుగులు. బక్నర్ నాటౌట్ అన్నారు. సైమండ్స్ 162 పరుగులతో అజేయంగా నిలిచాడు. తనకు బ్యాట్ తగిలిందని అతనే చెప్పాడు కూడా. రెండో ఇన్నింగ్స్‌లో బ్యాట్‌కు తగలని బంతికి రాహుల్ ద్రావిడ్ కీపర్ క్యాచ్‌గా ఔటయ్యాడు. సౌరవ్ గంగూలీ క్యాచ్ విషయంలో బెన్సన్ ఆస్ట్రేలియా కెప్టెన్ పాంటింగ్ మాట మీద ఆధారపడ్డారు. మన లక్ష్మణ్ తొలి ఇన్నింగ్స్‌లో చేసిన 109 పరుగుల అందం ఈ రొదలో కొట్టుకుపోయింది. భారత్ 122 పరుగుల తేడాతో ఓడింది. నిరసన పెద్దదై, పెర్త్ టెస్టుకు బక్నర్‌ను తప్పించి బిల్లీ బౌడెన్‌ను వేశారు.

బక్నర్‌పై మన దేశంలో కోపం అప్పటికే పాతది. 2003లో బ్రిస్బేన్‌లో గిలెస్పీ బంతికి సచిన్‌ను సున్నాకే ఎల్‌బీ ఇచ్చారు. 2005లో కోల్‌కతాలో పాకిస్తాన్‌పై సచిన్‌ను క్యాచ్ అవుట్ ఇచ్చారు. రెండూ సరైనవి కావని తర్వాత ఆయనే ఒప్పుకున్నారు. కాబట్టి తప్పులు జరిగాయన్న దానిలో వాదన లేదు. ప్రశ్న ఒక్కటే: ఇవి తప్పులా, మొగ్గా?

మొగ్గు అనాలంటే ఆయన తప్పులు భారత్‌కు వ్యతిరేకంగా ఎక్కువ, అనుకూలంగా తక్కువ అని చూపాలి. ఆయన నిలబడిన 128 టెస్టుల్లో ఇతర జట్లపై చేసిన తప్పులను పక్కన పెట్టి పోల్చాలి. మనలో ఎవరూ అది చేయలేదు. సిడ్నీనే తీసుకోండి. తొలి ఇన్నింగ్స్‌లో రికీ పాంటింగ్ 55 పరుగుల దగ్గర హర్భజన్ బంతికి ఎల్‌బీ అయ్యాడు. బంతి ముందు బ్యాట్ అంచుకు తగిలింది. ఆ తీర్పు తప్పు, లాభం మనది. అది ఎంతమందికి గుర్తుంది? జ్ఞాపకం కూడా ఒక అంపైరే. దాని మొగ్గు మీద ఎవరూ పరిశోధన చేయరు.

నా అభిప్రాయం నిర్మొహమాటంగా చెబుతాను. సిడ్నీలో బక్నర్ చూపింది అసమర్థత, వయసు మీదపడ్డ మనిషి అలసట. ఆయనను తప్పించడాన్ని సామర్థ్యం పేరుతో సమర్థించవచ్చు. పక్షపాతం పేరుతో సమర్థించడానికి ఆధారం లేదు. ఒక బోర్డు బలంగా అరిచింది కాబట్టి సిరీస్ మధ్యలో అంపైర్ మారాడన్న అభిప్రాయం మిగిలింది. అది మన జట్టుకు గౌరవం తెచ్చిందని నేను అనుకోను.

తటస్థ నియమానికి ఒక ఖరీదు కూడా ఉంది. ఆస్ట్రేలియాకు చెందిన సైమన్ టాఫెల్ 2004 నుంచి 2008 వరకు వరుసగా అయిదుసార్లు ఐసీసీ ఉత్తమ అంపైర్. 2007 ప్రపంచకప్ ఫైనల్లో ఆస్ట్రేలియా ఆడింది కాబట్టి ఆయన ఆ మ్యాచ్‌లో నిలబడలేకపోయారు. గొప్ప మ్యాచ్, గొప్ప అంపైర్, మధ్యలో పాస్‌పోర్టు. మన వైపు చూస్తే, వెంకటరాఘవన్ 2004లో తప్పుకున్నాక 2015లో ఎస్. రవి వచ్చేదాకా ఎలైట్ ప్యానెల్‌లో భారతీయుడే లేడు. స్వదేశంలో టెస్టులకు నిలబడి ఎదిగే పాత దారి మూసుకుపోయిందన్నది మరిచిపోకూడదు.

ఇక యంత్రం. తీర్పు సమీక్ష పద్ధతిని, అంటే డీఆర్‌ఎస్‌ను, 2008లో శ్రీలంకలో భారత జట్టు ఆడిన సిరీస్‌లోనే మొదట పరీక్షించారు. అంపైర్ల మీద అంత గొడవ చేసిన మన బోర్డు ఆ తర్వాత చాలా ఏళ్ళు దాన్ని వద్దంది. 2016 చివరలో గాని టెస్టుల్లో ఒప్పుకోలేదు. యంత్రం వచ్చినా "అంపైర్స్ కాల్" మిగిలింది. బంతి వికెట్‌కు అంచున తగిలేలా ఉంటే మైదానంలో ఉన్న మనిషి మాటే చెల్లుతుంది. యంత్రం కూడా జరగనిదాన్ని ఊహించే చెబుతోంది మరి.

నాగపూర్, అహ్మదాబాద్

చివరిగా మన ఊరివాడి విషయం. ఇతరుల అంపైర్ల మీద వాడిన కొలబద్దను మన అంపైర్ మీద కూడా వాడకపోతే ఇంతసేపు చెప్పుకున్నది వృథా.

సి. శంషుద్దీన్ అంతర్జాతీయ మ్యాచ్‌లకు అంపైర్‌గా నిలబడిన హైదరాబాదీ. 2017 జనవరి 29న నాగపూర్‌లో భారత్, ఇంగ్లండ్ టీ20. ఈ రకం మ్యాచ్‌లకు ఇద్దరూ ఆతిథ్య దేశం అంపైర్లే. టీ20ల్లో అప్పటికి డీఆర్‌ఎస్ కూడా లేదు. చివరి ఓవర్‌లో ఇంగ్లండ్‌కు 8 పరుగులు కావాలి. 38 పరుగులతో కుదురుకున్న జో రూట్‌ను బుమ్రా మొదటి బంతికే శంషుద్దీన్ ఎల్‌బీ ఇచ్చారు. బంతి ముందు బ్యాట్ లోపలి అంచుకు తగిలింది. భారత్ 5 పరుగులతో గెలిచింది. అదే మ్యాచ్‌లో కోహ్లీపై ఒక గట్టి ఎల్‌బీ అప్పీలును కూడా తోసిపుచ్చారు. ఇంగ్లండ్ కెప్టెన్ మోర్గాన్ బహిరంగంగానే అసహనం వెళ్ళగక్కాడు. బెంగళూరులో జరిగిన తర్వాతి మ్యాచ్‌లో శంషుద్దీన్ మైదానంలో నిలబడలేదు.

2020లో కరోనా ప్రయాణ ఆంక్షల వల్ల ఐసీసీ తటస్థ నియమాన్ని పక్కన పెట్టి, స్థానిక అంపైర్లను అనుమతించి, ప్రతి ఇన్నింగ్స్‌కు ఒక రివ్యూ అదనంగా ఇచ్చింది. 2021 ఫిబ్రవరిలో అహ్మదాబాద్‌లో ఇంగ్లండ్‌తో టెస్టు. మూడో అంపైర్ శంషుద్దీన్. శుభ్‌మన్ గిల్ క్యాచ్‌ను స్లిప్‌లో స్టోక్స్ పట్టాడని ఇంగ్లండ్ అంది. నేలకు తగిలిందని శంషుద్దీన్ తేల్చారు. ఇంగ్లండ్ కెప్టెన్, కోచ్ ఇద్దరూ మ్యాచ్ రెఫరీ శ్రీనాథ్ దగ్గరికి వెళ్ళారు. వారి ఫిర్యాదును జాగ్రత్తగా చూడండి. వారు పట్టుబట్టింది ప్రధానంగా పద్ధతి గురించి: అన్ని కోణాలూ చూడకుండా తొందరగా తేల్చేశారని, రెండు జట్లకూ ఒకే తీరు ఉండాలని.

ఈ రెండు ఫిర్యాదులూ ఒక అంపైర్ మీద, ఒకే దేశం నుంచి, రెండూ భారత్‌కు లాభమైన సందర్భాల్లో. తొందరపడేవాడు ఇక్కడ గీత గీసి కూడేస్తాడు. మనం మూడు కాంటాల దగ్గరికి వెళ్దాం. నాగపూర్ తీర్పు తప్పని చెప్పవచ్చు, దృశ్యం ఉంది. మొగ్గు అనడానికి రెండు మ్యాచ్‌లు చాలవు. బక్నర్ విషయంలో చాలలేదన్నాం, శంషుద్దీన్ విషయంలో కూడా చాలవు. తొండి అనడానికి అణుమాత్రం ఆధారం లేదు. అయితే ఇంకో మాట కూడా అనాలి. హోరెత్తే సొంత మైదానంలో, ఇద్దరు స్థానిక అంపైర్లతో, సమీక్ష లేకుండా ఆడించే ఏర్పాటులో మొగ్గుకు చోటుందని 1000 టెస్టుల లెక్క ముందే చెప్పింది. కాబట్టి ఇంగ్లండ్ ఫిర్యాదు మనిషి మీద నిలవదు, ఏర్పాటు మీద నిలుస్తుంది. టీ20ల్లో అదే ఏడాది అక్టోబర్ నుంచి డీఆర్‌ఎస్ వచ్చింది.

అహ్మదాబాద్ ఫిర్యాదు నాగపూర్ ఫిర్యాదు కంటే మంచి విమర్శ అని నా అంచనా. అది ఉద్దేశాన్ని అంటగట్టలేదు. చూడగలిగినదాన్ని, కొలవగలిగినదాన్ని, సరిదిద్దగలిగినదాన్ని ముందు పెట్టింది. ఎన్ని కోణాలు చూశారు, ఎంతసేపు చూశారు. సమాధానం ఇవ్వడానికి ఎదుటివాడికి వీలున్న ప్రశ్న అది. "నువ్వు వాళ్ళోడివి" అన్నదానికి ఎవరు ఏం సమాధానం ఇవ్వగలరు?

అభ్యాసం

మీ ఊళ్ళో వచ్చే ఆదివారం జరిగే ఏదైనా ఆటను ఒక ఇన్నింగ్స్ పూర్తిగా చూడండి. తొండి అన్న కేక వినపడిన ప్రతిసారీ మూడు విషయాలు రాసుకోండి: కేక వేసింది ఎవరు, అంపైర్ ఏ జట్టువాడు, ఆ క్షణంలో మీరు నిలబడిన చోటు నుంచి మీకు నిజంగా ఏం కనబడింది. కనబడనిదాన్ని "కనబడలేదు" అనే రాయండి. వాటిలో ఒక కేకను ఎంచుకుని, అది తప్పును చూపుతోందా, మొగ్గునా, తొండినా అన్నది రెండు పేజీలకు మించకుండా చర్చించండి. ఆటగాళ్ళ పేర్లు రాయవద్దు. తాండూరు వైపు నుంచి రైల్లో వచ్చేవారు జవాబు పత్రాన్ని ఇంట్లోనే పూర్తి చేసుకుని రండి. బండిలో రాస్తే అక్షరాలు వంకర పోతున్నాయి, దిద్దేవారికి కష్టంగా ఉంది.